ఎవరి ఎత్తు వారిది

మా చెల్లెలి కొడుకు జర్మనీలో ఇంజనీరింగు పైచదువు చదువుతున్నాడు. ఫిబ్రవరి సెలవలకు వచ్చి, వాళ్ళమ్మ దగ్గర రెండు వారాలుండి, పోతూ పోతూ పెద్దమ్మ దగ్గర నాలుగు రోజులు గడుపుదామని మా ఇంటికి వచ్చాడు. వచ్చిన మర్నాడు నేను డాబా మీద బూడిదగుమ్మడి వడియాలు పెడుతున్నాను. వాడికి ఒక కర్ర చేతికిచ్చి కాకుల్ని అదిలించే ఉద్యోగం ఇచ్చాను. ఆ ఉద్యోగానికి వాడు పనికిరాడని అయిదు నిమిషాల్లోనే తేలిపోయింది. కాకిని చూడవలసినవాడు మెడ వెనక్కి విరిచి, నడినెత్తిన తిరిగే గద్దను చూస్తూ నిలబడిపోయాడు.

"పెద్దమ్మా, ఆ గద్ద అక్కడక్కడే ఎందుకు తిరుగుతోందో తెలుసా?"

"ఎందుకేమిటి, ఎవరింటి కోడిపిల్లకో మూడింది" అన్నాను పిండి చెయ్యి కడుక్కుంటూ.

"కాదు. అది మెట్లెక్కుతోంది."

నేనూ తలెత్తి చూశాను. నిజమే సుమండీ! రెక్క ఆడించడం లేదు. చాపిన రెక్కలు చాపినట్టే ఉన్నాయి. ఒక చుట్టు తిరిగేసరికి కొంచెం పైన ఉంటోంది, మరో చుట్టు తిరిగేసరికి ఇంకొంచెం పైన. నలభై ఏళ్ళు దాటిన మనిషిని, నవలలు రాసేదాన్ని, "ఆకాశంలో గద్దలు తిరుగుతున్నాయి" అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అవి ఎందుకు తిరుగుతాయో ఒక్కసారి ఆలోచించిన పాపాన పోలేదు.

ఎండకి నేల వేడెక్కుతుందట. అన్నిచోట్లా ఒక్కలా వేడెక్కదు. దున్నిన నల్లరేగడి చెలక ఒకలాగ, పచ్చని చేను ఒకలాగ, చెరువు ఒకలాగ. బాగా వేడెక్కినచోట గాలి తేలికై, కనపడని స్తంభంలాగా పైకి లేస్తుంది. దాన్ని థర్మల్ అంటారట. మన పల్లెల్లో వేసవి మధ్యాహ్నాలు బీటిపొలాల్లో దుమ్మూ ఎండుటాకులూ గిర్రున తిరుగుతూ పైకి లేస్తాయి చూడండి, అదీ అదే. మా చిన్నప్పుడు దాన్ని చూసి దయ్యం వస్తోందని ఇంట్లోకి పరిగెత్తి తలుపేసుకునేవాళ్ళం. మావాడు చెప్పేదేమంటే, గ్లైడరు నడిపేవాళ్ళకి ఆ దయ్యం కనబడితే దేవుడు కనబడినట్టేనట!

గ్లైడరంటే ఇంజను లేని విమానం. పొడుగాటి సన్నని రెక్కలు, మధ్యలో ఒక మనిషి పడుకున్నట్టుగా కూర్చునే చోటు, అంతే. మామూలు విమానమొకటి తాడు కట్టి కొంత ఎత్తుకి లాక్కుపోయి వదిలేస్తుంది. ఆ తరవాత నీ బతుకు నీది. కిందికి జారుతూనే ఉంటావు. గాలి ఎక్కడ పైకి లేస్తోందో వెతుక్కుని, గద్దలాగా అందులో చుట్లు తిరిగి ఎత్తు సంపాదించుకుని, ఆ ఎత్తుని ఖర్చు పెట్టుకుంటూ ముందుకు పోవాలి. ఈ కాలపు పోటీ గ్లైడర్లు ఒక కిలోమీటరు ఎత్తు చేతిలో ఉంటే, గాలి ఎదురు తిరగకపోతే, నలభై యాభై కిలోమీటర్లు పోగలవట. ఎత్తే డబ్బు, ఎత్తే తిండిగింజలు.

మన దేశంలోనూ ఇవి తయారయ్యాయి. రోహిణి అనే గ్లైడరు 1961లో మొదటిసారి ఎగిరింది. పక్కపక్కన ఇద్దరు కూర్చుని నేర్చుకునే బండి అది. అశ్విని, భరణి, రోహిణి, మృగశిర, ఆర్ద్ర, ఇలా నక్షత్రాల పేర్లే పెట్టారు వాటికి. పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకునే దేశంలో ఇంతకంటే మంచి పేర్లెక్కడ దొరుకుతాయి!

మావాడింకా నేర్చుకునే దశలోనే ఉన్నాడు. వాళ్ళ యూనివర్సిటీ కుర్రాళ్ళకి ఒక క్లబ్బుంది. అక్కడి సీనియరొకాయన పోటీకి వెళితే సహాయానికి వీణ్ణీ తీసుకుపోయాడు. అసలు నాకు వాడి మీద నవ్వొచ్చింది ఆ పోటీ అనే మాటకే.

"ఇంజను లేని వాటికి పందెమేమిట్రా? నత్తలకి పరుగుపందెంలాగానా?"

"నత్తలా? మంచి ఎండ కాసిన రోజున సగటున గంటకి వంద కిలోమీటర్లు దాటిపోతారు పెద్దమ్మా. 1972లో హాన్స్ వెర్నర్ గ్రోస్సె అనే ఆయన జర్మనీ ఉత్తరాన ల్యూబెక్‌లో పొద్దున్న బయల్దేరి, ఫ్రాన్సు కిందికొసన స్పెయిన్ సరిహద్దు దగ్గర బియారిట్జ్‌లో సాయంత్రానికి దిగాడు. 1,460 కిలోమీటర్లు. చుక్క పెట్రోలు లేకుండా."

నోరు మూసుకున్నాను.

పందెం ఎలాగంటే, ఫలానా ఊరి మీదుగా, ఫలానా కొండ మీదుగా తిరిగి రమ్మని పొద్దున్నే ఒక దారి ఇస్తారు. అందరూ పైకి వెళ్ళాక గీత తెరుస్తారు. అయితే అందరూ ఒక్కసారే పరిగెత్తనక్కరలేదు. ఎవరికి నచ్చిన వేళకి వాళ్ళు గీత దాటవచ్చు. దాటిన క్షణం నుంచే వాళ్ళ గడియారం. ఆ రోజు అందరికంటే వేగంగా తిరిగి వచ్చినవాడికి సుమారు 1000 మార్కులు, మిగతావాళ్ళకి దాన్నిబట్టి తగ్గించి. దారిలో ఎత్తు అయిపోయి ఎవరి పొలంలోనో దిగిపోయినవాడికి వచ్చినంత దూరానికే మార్కులు. ఇలా వారం, పదిరోజులు, పెద్ద పోటీలయితే రెండు వారాలు. మొత్తం కూడితే ఎవరికెక్కువో వాళ్ళు విజేత.

ఇందులో మగా ఆడా తేడా ఏమీ లేదట. బ్రిటన్‌లో ఆన్ బర్న్స్ అనే సైంటిస్టు 1966లో మగవాళ్ళందర్నీ దాటుకుని ఆ దేశపు జాతీయ పోటీ గెలిచింది. 2001 నుంచి ఆడవాళ్ళకి విడిగా ప్రపంచ పోటీలు కూడా జరుగుతున్నాయి. ఇది విన్నాక నాకు కొంచెం కుతూహలం హెచ్చింది. వడియాలు చాలించి నీడలో కూర్చున్నాను.

"సరే, బలం అక్కరలేదు, ఇంజను లేదు. అందరికీ ఒకే ఎండ, ఒకే గాలి. మరి గెలిచేవాడు దేనివల్ల గెలుస్తాడు?" అని అడిగాను.

"ఎప్పుడు వదలాలో తెలియడంవల్ల" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఈ వ్యాసం రాయిస్తున్నది ఆ మాటే.

ఒక థర్మల్ దొరికింది అనుకోండి. అందులో తిరుగుతున్నావు. సెకనుకి ఒక మీటరు చొప్పున పైకి పోతున్నావు. బాగానే ఉంది. కాని అలా తిరిగినంతసేపూ నువ్వు ముందుకు పోవడం లేదు. దూరాన ఇంకో మబ్బు కనిపిస్తోంది. దాని కింద సెకనుకి మూడు మీటర్లు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఇక్కడే ఉంటే ఆలస్యం, వెళితే అనుమానం. ఉన్నదాంతో సరిపెట్టుకోవాలా, లేనిదానికోసం ఉన్నది వదులుకోవాలా?

ఈ చిక్కుకి పాల్ మెక్రీడీ అనే అమెరికన్ ఒక లెక్క కట్టాడు. 1956లో ఫ్రాన్సులో జరిగిన ప్రపంచ పోటీల్లో గెలిచినవాడాయన. తరవాతి రోజుల్లో మనిషి సైకిలు తొక్కినట్టు తొక్కితే ఎగిరే విమానం తయారుచేశాడు. 1979లో దానిమీద ఒక కుర్రాడు ఇంగ్లీషు చానెల్ దాటాడు కూడా. ఆయన లెక్క సారం ఇదీ: ఇప్పుడు నువ్వు ఎంత వేగంగా పోవాలన్నది, ముందు నీకు ఎంత దొరుకుతుందని నమ్ముతున్నావో దాన్నిబట్టి ఉంటుంది. ముందు బలమైన థర్మల్ దొరుకుతుందనుకుంటే జోరుగా పో, జారిన ఎత్తు అక్కడ త్వరగా తిరిగి సంపాదించుకుంటావు. ముందు బలహీనంగా ఉంటుందనుకుంటే నిదానంగా పో, ఎత్తు దాచుకో. అలాగే, ముందు దొరుకుతుందనుకున్నదానికంటే ఇప్పుడున్న థర్మల్ తగ్గిపోతే, దాన్ని వదిలి బయల్దేరు. పైకి పోతున్నామో, కిందికి పోతున్నామో చూపించే గడియారంలాంటి సాధనం చుట్టూ ఒక రింగు పెట్టాడాయన. ఆశ ఎంతో ఆ రింగుని అంత దగ్గరికి తిప్పుకుంటే, పోవలసిన వేగం అది చెబుతుంది.

ఆశని కొలిచి పెట్టుకునే రింగు! మనకెవరికీ పుట్టుకతో ఇలాంటిది ఇవ్వలేదు కదా అనిపించింది.

"అమ్మకి ఈ లెక్క చెబితే కాగితం మీద ఠకఠకా వేసి చూపించేసింది" అన్నాడు వాడు గర్వంగా. వాళ్ళమ్మ, అంటే మా చెల్లెలు, లెక్కల టీచరు.

ఇంకొక సంగతి కూడా చెప్పాడు. ఆ రింగుని ఉండవలసినదానికంటే కొంచెం తక్కువ ఆశకి పెట్టుకుంటే పోయేది కొద్దిపాటి నిమిషాలేనట. మరీ ఎక్కువ ఆశకి పెట్టుకుని, ఆ ఆశపడ్డది అక్కడ లేకపోతే పోయేది ఆ రోజంతా. జార్జ్ మొఫాట్ అని, 1970లోనూ 1974లోనూ ప్రపంచ విజేతగా నిలిచినాయన ఒకడున్నాడు. ఉద్యోగం ఇంగ్లీషు మాస్టరు. ఒక రోజు అద్భుతంగా గెలవడం కన్న, ఏ రోజూ ఘోరంగా ఓడిపోకుండా ఉండటమే పోటీలో గొప్ప అన్నది ఆయన పద్ధతి. మాస్టరుగారు కదా, నూటికి నూరు ఒక్కసారి తెచ్చుకుని మరోసారి తప్పిపోయే పిల్లలకంటే, ఎప్పుడూ ఎనభై తెచ్చుకునే పిల్లల విలువ ఆయనకి తెలిసే ఉంటుంది.

ఇంతవరకు విన్నాక నాకు మా అమ్మ గొంతు వినిపించింది. "సర్దుకుపోవాలమ్మా." మన ఆడపిల్లల్లో ఈ మాట వినకుండా పెరిగినవాళ్ళుంటే చెయ్యెత్తండి! అత్తగారు కసిరితే సర్దుకుపో, జీతం చాలకపోతే సర్దుకుపో, చదువు ఆగిపోతే సర్దుకుపో. ఇప్పటి పిల్లలు దీనికి సరిగ్గా ఎదురు మాట నేర్చుకున్నారు: రాజీ పడొద్దు. నీకు తగినది దొరికేదాకా దేనికీ ఒప్పుకోవద్దు. ఈ రెండు మాటలూ మన ఇళ్ళల్లో ఒకే భోజనాలబల్ల దగ్గర దెబ్బలాడుకుంటున్నాయి. ఏది నీతి? ఏది పిరికితనం? ఏది పొగరు?

"మీవాళ్ళు ఏమంటార్రా? చిన్న థర్మల్‌తో సరిపెట్టుకోవచ్చా, కూడదా?" అన్నాను.

"అది ఎంత ఎత్తులో ఉన్నామన్నదాన్నిబట్టి ఉంటుంది పెద్దమ్మా."

పైన ఉన్నప్పుడు ఎంచుకోవాలట. చేతిలో ఎత్తుంది, చాలా దూరం వెతకవచ్చు. అప్పుడు చిన్నా చితకా థర్మల్స్ దగ్గర ఆగితే వెనకబడిపోతావు. అక్కడ సర్దుకుపోవడం తప్పు. కొంచెం కిందికి వచ్చాక గీరతనం తగ్గించాలి. బాగా కిందికి వచ్చేశాక, అంటే సుమారు ఆరువందల మీటర్లప్పుడు, ఒక కంట కిందనున్న పొలాలు చూసుకుంటూ, మరో కంట ఏ పాటి గాలి లేచినా చాలనుకోవాలి. సెకనుకి అరమీటరే అయినా సరే, పట్టుకుని వేళ్ళాడాలి. అక్కడ "ఇది నా స్థాయికి తగదు" అన్నవాడు పొలంలో ఉంటాడు. మూడువందల మీటర్లకి వచ్చేసరికి ఇక వెతుకులాట ఆపి, మంచి పొలం ఒకటి ఖాయం చేసుకుని, క్షేమంగా దిగాలి. అదే మనిషి, అదే రోజు, పన్నెండింటికి కాలదన్నినదాన్ని రెండింటికి కళ్ళకద్దుకుంటాడు. అందులో సిగ్గులేదు. రెండూ తెలివే.

వాడు ఇదంతా చేతులతో గాల్లో బొమ్మలు గీస్తూ చెబుతున్నాడు. నేను వాడి ముఖంలోకి చూడలేకపోయాను. ఎందుకో చెబుతాను. ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

వీడికి ఆరో ఏడు నడుస్తుండగా మా మరిది పోయాడు. రెండు రోజుల జ్వరం, అంతే. మా చెల్లెలికి అప్పటికి ముప్పై నిండలేదు. ఎం.ఎస్సీ. లెక్కలు చదివింది కాని, ఉద్యోగం చేసిన అలవాటు లేదు. నాలుగు నెలలు గడిచాయో లేదో, వాళ్ళ వీధి చివరనున్న చిన్న ప్రైవేటు స్కూలువాళ్ళు కబురు పెట్టారు. ఒకటి, రెండు తరగతులకి చెప్పాలి. జీతం చెప్పుకోవడానికి కూడా బాగుండదు. అది నాకు ఫోను చేసింది. "ఏం చెయ్యనక్కా?" అంది.

నేనప్పుడు ఎక్కడున్నాను? మావారికి స్థిరమైన ఉద్యోగం, సొంత ఇల్లు, రెండు నవలలు సీరియల్‌గా వచ్చి కొంత పేరు. ఆడది ఆత్మాభిమానంతో బతకాలని నా నవలల్లో నాయికలందరి చేతా అనిపిస్తున్న రోజులు. వెంటనే అన్నాను: "ఎం.ఎస్సీ. చదివి ఒకటో తరగతికి ఎక్కాలు చెబుతావుటే? నీకు మతిపోయిందా? ఒక్కసారి అంత కిందికి దిగితే మళ్ళీ పైకి రావడం కష్టం. గవర్నమెంటు పోస్టులు పడతాయి, ఆగు."

అది ఆగింది. పోస్టులు పడలేదు. ఏడాది గడిచింది, రెండో ఏడు కూడా గడవబోయింది. నేను పంపిస్తానన్న డబ్బు మూడుసార్లు పుచ్చుకుని, నాలుగోసారి వద్దంది. నేను దాన్ని అభిమానమనుకుని మురిసిపోయాను కూడా. ఒక పండగకి వచ్చినప్పుడు చూస్తే చేతులకి గాజులు మట్టివే. పెళ్ళికి అమ్మ పెట్టిన నాలుగు జతలూ లేవు. అడిగితే "బ్యాంకు లాకర్లో ఉన్నాయి" అంది. దానికి లాకరు లేదని నాకు తెలుసు. ఆఖరికి మరో స్కూల్లో, మొదటిదానికంటే తక్కువ జీతానికి, చేరింది. మొదటి స్కూల్లో అప్పటికి ఆ ఖాళీ లేదు.

చాలా ఏళ్ళ తరవాత, ఒకసారి ధైర్యం చేసి, "అప్పుడు నేను నీకు తప్పు సలహా ఇచ్చానే" అన్నాను. అది చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "తప్పేం కాదులే అక్కా. నీ ఇంట్లో నుంచుని చూస్తే అలాగే కనిపిస్తుంది" అంది. కోపం లేదు ఆ మాటలో. అందుకే అది ఇప్పటికీ నాలో గుచ్చుకుంటూనే ఉంది.

నేనిచ్చిన సలహా చెడ్డదా? కాదు. ఎత్తున ఉన్నవాళ్ళకి అది బంగారంలాంటి సలహా. కాని నేను నా ఎత్తు నుంచి చూసి, కింద పొలాలు కనిపిస్తున్న మనిషికి చెప్పాను. మా అమ్మ కాలంవాళ్ళు దీనికి తల్లకిందులుగా చేశారు. పైకి ఎగరగల పిల్లల్ని, వాళ్ళు ఎంత ఎత్తున ఉన్నారో చూడకుండానే, దొరికిన మొదటి థర్మల్ దగ్గరే కట్టిపడేశారు. సర్దుకుపొమ్మన్నవాళ్ళదీ, రాజీ పడొద్దన్నదాన్ని, నాదీ ఒకటే తప్పు. ఎదుటి మనిషి ఎంత ఎత్తున ఉందో అడగలేదు.

మావాడు చెప్పిన మరో సంగతి దీనికి తోడయింది. పోటీలో చాలామంది గుంపులుగా పోతారట. ముందు పోయేవాడు థర్మల్ వెతికిపెడితే, వెనకవాళ్ళు అతను తిరగడం చూసి అక్కడికే వస్తారు. అందుకే బయల్దేరే ముందు అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ, నువ్వు ముందంటే నువ్వు ముందని తాత్సారం చేస్తారు. పెళ్ళి భోజనాల్లో మొదటి పంక్తికి ఎవరూ లేవనట్టు! ఒక్క మర్యాద మాత్రం ఖచ్చితంగా పాటిస్తారు. థర్మల్‌లోకి మొదట వచ్చినవాడు ఎటువైపు తిరుగుతుంటే, తరవాత వచ్చినవాడు ప్రపంచ విజేత అయినా సరే, అటే తిరగాలి.

ఇలా వెనక రావడంలో ఒక మోసముందిట. పైన ఒకడు హాయిగా ఎక్కిపోతుంటాడు. అతన్ని చూసి నువ్వు వెయ్యి అడుగులు దిగువగా అదే చోటికి వెళతావు. అక్కడ ఏమీ ఉండదు. ఒక్కోసారి వేడిగాలి నేల నుంచి స్తంభంలా కాకుండా బుడగలా తెగి లేస్తుంది. ఆ బుడగ నిన్ను దాటి పైకి పోయింది. అతనికి అందింది, నీకు అందదు. అతను అబద్ధమాడలేదు, నీ కళ్ళూ అబద్ధమాడలేదు. ఎత్తు ఒక్కటే తేడా. పక్కింటావిడ ఉద్యోగం మానేసి బట్టల వ్యాపారం పెట్టి బాగుపడిందని మనమూ పెట్టి చేతులు కాల్చుకున్నప్పుడు, ఆవిడ మీద అసూయపడతాం, లేదా మనల్ని మనం తిట్టుకుంటాం. ఆవిడ వెనక ఎంత ఎత్తుందో, మన వెనక ఎంత ఉందో లెక్క చూసుకోం.

"ఇంతకీ మీ సీనియరు గెలిచాడా?" అన్నాను, మాట మారుద్దామని.

"లేదు. మూడో రోజున పొలంలో దిగిపోయాడు."

వీడూ ఇంకొకతనూ కారుకి పొడుగాటి ట్రెయిలరు తగిలించుకుని ఎనభై కిలోమీటర్లు పోయారట. రెక్కలు ఊడదీసి అందులో పెట్టుకుని తేవాలి. దారిలో రెండోవాడు, వీడికంటే అనుభవమున్నవాడు, ఒక్కటే చెప్పాడట: "అక్కడికి వెళ్ళాక ఎందుకు దిగావని మాత్రం అడక్కు. నీళ్ళసీసా ఇయ్యి, వెళ్ళి రెక్క పట్టుకో." గోధుమ కోసిన చేలో, పొద్దుగూకే వేళ, ఆయన ఒక్కడూ రెక్క పక్కన కూర్చుని ఉన్నాడట. వీళ్ళు వెళ్ళి నీళ్ళిచ్చారు. రెక్క పట్టుకున్నారు. సగం దారి వచ్చాక ఆయనే నవ్వి, "ఆ ముందరి చిన్న థర్మల్‌ని వదలకుండా ఉండవలసింది" అన్నాడట. ఎంత పెద్ద విజేతలకైనా పొలాల్లో దిగిన రోజులుంటాయట. రాత్రికి ట్రెయిలరుతో వచ్చేవాళ్ళుంటే మర్నాడు మళ్ళీ ఎగరవచ్చు.

ఆ రెండేళ్ళలో నేను మా చెల్లెలికి ఎన్నిసార్లు ఫోను చేసి "ఇంకా ఏమీ దొరకలేదా?" అని అడిగానో గుర్తొచ్చింది.

ఇక్కడితో కథ అయిపోతే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. మావాడు వెళ్ళిన పది రోజులకి చెల్లెలు ఫోను చేసింది. ఇప్పుడది పేరున్న లెక్కల టీచరు. ఒకే స్కూల్లో పన్నెండేళ్ళ నుంచి ఉంది. హైదరాబాదులో ఒక పెద్ద స్కూలువాళ్ళు లెక్కల విభాగమంతా చూసుకోమని పిలిచారట. జీతం రెట్టింపుకి దగ్గర. "నాకెందుకులే అక్కా ఈ వయసులో, ఉన్నది చాలు" అంది. నా నాలిక కొసదాకా వచ్చింది, "వెళ్ళవే, భయమెందుకు!" అని. ఆ మాటే ఆ రోజూ వచ్చింది, వేషం మార్చుకుని. మింగేశాను.

దానికి బదులు అడిగాను: "ఇల్లు అప్పు ఎంతవరకు తీరిందే?"

"కిందటేడే తీరిపోయింది."

"వాడి చదువు అప్పు?"

"వాడు వచ్చే ఏడు ఉద్యోగంలో చేరితే వాడే కట్టుకుంటానన్నాడు."

"అక్కడ నచ్చక వచ్చేస్తే ఈ స్కూలువాళ్ళు మళ్ళీ తీసుకుంటారా?"

కొంచెంసేపు ఆగి, "తీసుకుంటారనుకుంటా. లేకపోయినా ట్యూషన్లు ఎలాగూ ఉంటాయి" అంది. మళ్ళీ ఆగి, "ఏమిటక్కా, ఎప్పుడూ లేనిది జమాఖర్చులు అడుగుతున్నావు?" అంది.

"ఏం లేదు. నువ్వు ఎంత ఎత్తున ఉన్నావో చూసుకుంటున్నాను" అన్నాను.

అవతల నిశ్శబ్దం. కొడుకు దానికీ చెప్పే ఉంటాడు కదా. కాగితం మీద ఆ లెక్క చేసి చూపించిన మనిషి, తన విషయానికి వచ్చేసరికి ఎన్నడూ వేసుకోలేదు. ఒకసారి పొలంలో దిగినవాళ్ళకి ఆ నేల ఎప్పుడూ దగ్గరగానే ఉన్నట్టు కనిపిస్తుందేమో. నిజంగా ఎంత పైకి వచ్చేశారో వాళ్ళకి వాళ్ళు చూసుకోరు. ఆ భయానికి నా వంతు నేనూ పెట్టుబడి పెట్టానన్న సంగతి నాకు తెలుసు, దానికీ తెలుసు.

వెళ్ళమని నేను చెప్పలేదు. ఉండమనీ చెప్పలేదు. రెండు రోజులాగి అదే ఫోను చేసింది. "పరీక్షలయ్యేదాకా ఈ పిల్లల్ని వదలనక్కా. ఇంకో రెండు చుట్లు తిరిగి, జూన్‌లో బయల్దేరతాను" అంది.

"సరే" అన్నాను. "అక్కడ కుదరకపోతే కబురు చెయ్యి. ట్రెయిలరు తీసుకుని వస్తాను."

"ఎందుకు దిగావని అడగవుగా?"

"అడగనే."

అది నవ్వింది. చాలా ఏళ్ళకి నా దగ్గర అలా నవ్వింది.

ఆ రోజు డాబా మీద సంగతి చెప్పడం మరిచాను. మేమిద్దరం ఆకాశం వంక చూస్తూ ఇంత తత్వం మాట్లాడుకుంటుండగా, కాకులు వచ్చి వడియాల్లో సగం పైన పాడుచేసి పోయాయి. మిగిలినవాటినే ఎండబెట్టి, డబ్బాలో పోసి, చెల్లెలి వంతు విడిగా కట్టి ఉంచాను. జూన్‌లో దారిలోనే కదా, పట్టుకెళుతుంది.